మందు ముందు, విటమిన్ వెనుక

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఆనందపురం మండలంలో ఒక పల్లె. మాకు రెండు సంకరజాతి ఆవులు ఉన్నాయి. పెద్దది గౌరి, హెచ్ఎఫ్ క్రాస్. రెండో ఈత ఈని 25 రోజులైంది. పూటకి ఆరు లీటర్లు ఇచ్చేది. పది రోజుల కిందట 106 డిగ్రీల జ్వరం వచ్చి మేత మానేసింది. భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత వాచింది. మా పశువుల డాక్టర్ రక్తం తీసి పరీక్ష చేయించి థైలీరియా అన్నారు. రెండు రోజుల తేడాతో బుపర్వాక్వోన్ సూది రెండుసార్లు వేశారు. జ్వరం తగ్గింది. కానీ కంటి లోపలి పొర ఇంకా తెల్లగానే ఉంది, నడిస్తే తూలుతోంది, పాలు పూటకి రెండు లీటర్లకి పడిపోయాయి. ఇప్పుడు విటమిన్ సి సూదులు ఐదు రోజులు, విటమిన్ ఇ-సెలీనియం సూది ఒకటి, లివర్ టానిక్ రాశారు. మందుల షాపులో ఐరన్ సూది కూడా వేయించమన్నారు. మా మరిదేమో ఇదంతా దండగ ఖర్చు, రోజూ నాలుగు నిమ్మకాయలు పిండి పోసి, మనుషులు వేసుకునే విటమిన్ ఇ గోలీలు రెండు వేస్తే చాలు అంటున్నాడు. మా పక్కింటి వాళ్ళ ఆవుకి కూడా నిన్నటి నుంచి జ్వరం. డాక్టర్ వచ్చేలోపు విటమిన్ సూదులు మొదలుపెట్టేయొచ్చా అని వాళ్ళు అడుగుతున్నారు. గౌరి పాలు పిల్లలకి పోయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, మీ గౌరి కంటే ముందు పక్కింటి ఆవు గురించి చెప్పాలి. ఎందుకంటే గౌరికి అసలు గండం గడిచింది, దానికింకా గడవలేదు. వాళ్ళకి ఇప్పుడే వెళ్ళి చెప్పండి: విటమిన్ సూదులతో మొదలుపెట్టవద్దు. ఈ రోజే డాక్టర్‌ని పిలిపించి జ్వరం చూపించి, భుజం ముందు, తొడ ముందు గ్రంథులు తడిమించి, చెవి అంచు నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూత వేయించాలి. ఊళ్ళో డాక్టర్ అందుబాటులో లేకపోతే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో భీమిలి వైపు ఒక ఊళ్ళో ఇలాంటి జెర్సీ క్రాస్ ఆవుని చూశాను. జ్వరం, నీరసం. ఈనిన కొత్త కదా అనుకుని జ్వరానికి ఒక సూది, బలానికి విటమిన్ సూదులు వేసి వచ్చేశాను. మర్నాడు కాస్త మేత ముట్టిందన్నారు. నాకు ధైర్యం వచ్చింది. మూడో రోజు రక్తం పూత తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్రకణాల్లో సగానికి సగం థైలీరియా. అసలు మందు వేసేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఆవు పాల మీదే ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఆ రోజు నుంచి, రక్తం చూడకుండా జ్వరం పశువుకి బలం సూది వేయడం మానేశాను.

విటమిన్లు చెడ్డవని కాదు. నా అనుభవంలో, సరైన సమయంలో వేస్తే అవి పశువు కోలుకోవడానికి సాయపడతాయి. కానీ ఆ సరైన సమయం మందు పడిన తర్వాతే. ఎందుకో తెలియాలంటే గౌరి ఒంట్లో ఏం జరిగిందో కొంచెం చెప్పాలి.

థైలీరియా అనేది కంటికి కనపడని పరాన్నజీవి. హయలోమా అనే జాతి పిడుదు కుట్టినప్పుడు దాని ఉమ్మితో పాటు లోపలికి వెళ్తుంది. ముందు తెల్లకణాల్లో చేరి అక్కడ వేలకు వేలుగా పెరుగుతుంది. మీరు చూసిన నిమ్మకాయంత వాపు అదే. తర్వాత ఎర్రకణాల్లోకి దిగుతుంది. అప్పుడు ప్లీహం పురుగు పట్టిన కణాలను ఏరి నాశనం చేస్తుంది. చిత్రం ఏమిటంటే, పురుగు లేని మంచి కణాలు కూడా ఆ గొడవలో పోతాయి.

మంచి కణాలు ఎందుకు పోవాలి? ఇక్కడే యాంటీఆక్సిడెంట్ల, అంటే ఆక్సిజన్ చేసే నష్టాన్ని ఆపే పదార్థాల, అవసరం వస్తుంది. ఎర్రకణం పైపొర కొవ్వుతో తయారవుతుంది. వేరుశెనగ నూనె గాలి తగిలి పాతబడితే కనరు వాసన వస్తుంది కదా. రోగంతో పోరాడేటప్పుడు ఒంట్లో పుట్టే ఘాటైన ఆక్సిజన్ రూపాలు ఎర్రకణం పొరలోని కొవ్వుని అలాగే కనరెక్కిస్తాయి. పొర పెళుసవుతుంది, ప్లీహం గుండా దూరేటప్పుడు పగిలిపోతుంది. థైలీరియా పట్టిన పశువుల రక్తంలో ఈ కనరెక్కిన కొవ్వు మిగిల్చే మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం పెరుగుతుందని, దాన్ని అడ్డుకోవాల్సిన గ్లుటాథయోన్ లాంటి రక్షణలు తరిగిపోతాయని పరీక్షల్లో తేలింది. బబీసియా, అనాప్లాస్మా అనే ఇతర రక్త రోగాల్లో, జోరీగల వల్ల వచ్చే సర్రాలో కూడా ఇలాంటి నష్టమే కనపడుతుంది.

విటమిన్ ఇ సరిగ్గా ఆ కొవ్వు పొరలోనే కూర్చుని కనరెక్కకుండా ఆపుతుంది. ఆ పనిలో అది ఖర్చయిపోతే విటమిన్ సి దాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేస్తుంది. సెలీనియం గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో భాగం. అది లేకపోతే ఆ ఎంజైమ్ పనిచేయదు. మీ డాక్టర్ ఈ మూడూ కలిపి రాయడంలో అర్థం ఉంది. అసలు మందుతో పాటు వీటిని ఇచ్చి చూసిన పరిశోధనల్లో కొన్నింటిలో, మందు ఒక్కటే ఇచ్చిన పశువుల కంటే హిమోగ్లోబిన్ త్వరగా పెరిగింది. అయితే వాటిలో చాలావరకు కొద్దిపాటి పశువుల మీద చేసినవి. అందుకే నేను వీటిని తోడు మందులనే అంటాను, ప్రాణం నిలిపే మందులు అనను.

మరి జ్వరం మొదలైన రోజే వేస్తే తప్పేమిటి, తోడుగా ఉంటాయి కదా అని పక్కింటి వాళ్ళు అడగవచ్చు. మొదటి తప్పు నేను చేసిందే: కాస్త తేరుకున్నట్టు కనపడి, అసలు మందు వేయాల్సిన రోజులు చేజారిపోతాయి. రెండోది చాలామందికి తెలియదు. ఆ ఘాటైన ఆక్సిజన్ రూపాలు శరీరం తనంతట తాను పురుగు మీద విసిరే ఆయుధం కూడా. థైలీరియాకి దూరపు చుట్టమైన మలేరియా విషయంలో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, విటమిన్ ఇ లోపించిన ఎలుకలు మలేరియాని బాగా తట్టుకున్నాయి. అంటే విటమిన్ ఇ పశువు కణాన్ని కాపాడినట్టే, దానిలో దాక్కున్న పురుగుకి కూడా గొడుగు పట్టగలదు. ఆవుల్లో అచ్చం ఇలాగే జరుగుతుందని ఎలుకల్ని చూసి తీర్మానించలేం. కానీ పురుగుని చంపే మందు పడకుండా ఒట్టి విటమిన్లు వేయడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట. పక్కింటి ఆవుది థైలీరియానే అని కూడా అనుకోవద్దు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంటే అది బబీసియా కావచ్చు, దానికి డైమినజీన్ వాడతారు. మూత్రం మామూలుగానే ఉండి, కళ్ళు పచ్చబడి, పేడ గట్టిపడితే అనాప్లాస్మా అని అనుమానిస్తాం, దానికి ఆక్సీటెట్రాసైక్లిన్. సర్రాకి మందు వేరు. బుపర్వాక్వోన్ పనిచేసేది థైలీరియా మీదే. గౌరికి వేసిన సీసాలో మిగిలింది దానికి పొడిపించే పని అస్సలు చేయకండి.

బుపర్వాక్వోన్ మోతాదు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే డబ్బు తగ్గించుకోవాలని చూసేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి 20 కేజీల బరువుకి ఒక మిల్లీలీటరు. 350 కేజీల ఆవుకి పదిహేడున్నర మిల్లీలీటర్లు, అదీ మెడ కండరంలో రెండు చోట్ల విడగొట్టి. ఖరీదైన మందు కావడంతో పది మిల్లీలీటర్లతో సరిపెట్టి, మిగిలిన డబ్బుతో టానిక్ సీసాలు కొనడం చాలాసార్లు చూశాను. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే పూర్తి మోతాదు అసలు మందుకే పెట్టాలి. విటమిన్లు మానేసినా చాలా పశువులు ఆలస్యంగానైనా కోలుకుంటాయి. ఈ మందు సగం పడితే ఆ నమ్మకం ఉండదు.

ఇక గౌరి దగ్గరికి వద్దాం. జ్వరం తగ్గింది, పూర్తి మందు పడింది. కాబట్టి మీ డాక్టర్ రాసిన విటమిన్ సి, విటమిన్ ఇ-సెలీనియం వేయించండి. దండగ కాదు. మీ మరిది చెప్పిన నిమ్మకాయల వైద్యం మనసులో మంచి ఉద్దేశంతోనే చెప్పారు కానీ ఆవుకి పనికిరాదు. మనిషికీ ఆవుకీ ఇక్కడ రెండు తేడాలున్నాయి. మనం విటమిన్ సి తయారు చేసుకోలేం, తిండిలో తినాల్సిందే. ఆవు తన కాలేయంలో తానే తయారు చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నంత కాలం దానికి మన నిమ్మకాయ అక్కర్లేదు. థైలీరియాలో కాలేయమే దెబ్బతింటుంది కాబట్టి ఇప్పుడు కొరత వస్తుంది. రెండోది, నోటి ద్వారా ఇచ్చిన విటమిన్ సి ఆవు పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల పాలై చాలావరకు విరిగిపోతుంది, రక్తం దాకా చేరదు. అందుకే సూది రూపంలో రాశారు. పైగా నాలుగు నిమ్మకాయల్లో ఉండేది మిల్లీగ్రాముల లెక్క, సూదిలో వేసేది గ్రాముల లెక్క.

నిమ్మరసం కంటే నాకు ఎక్కువ భయం దాన్ని పోసే పద్ధతి. నీరసంగా ఉన్న ఆవు తల పైకెత్తి, వెదురు గొట్టంతోనో సీసాతోనో గొంతులో పోస్తారు. అది సరిగ్గా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. థైలీరియా నుంచి బయటపడిన పశువు గొట్టం పోత వల్ల చనిపోవడం నేను చూశాను. లివర్ టానిక్ కూడా అలా పోయకండి. కుడితిలో కలపండి, లేదా కాస్త బెల్లంతో దాణా ముద్దలో పెట్టండి. తాను తిన్నదే తిననివ్వండి.

మనుషుల విటమిన్ ఇ గోలీలు విషం కాదు, కానీ లెక్క సరిపోదు. ఎండుగడ్డి మీద బతికే చూడి ఆవుకి మామూలు రోజుల్లోనే రోజుకి సుమారు 1000 యూనిట్ల విటమిన్ ఇ కావాలి. 400 మిల్లీగ్రాముల గోలీ ఒకటి దాదాపు 400 యూనిట్లు. రోజూ రెండు గోలీలు వేసినా అలాంటి ఆవు మామూలు అవసరానికే చాలదు, రోగానికి ఏం చాలుతుంది? అంతకంటే పచ్చిగడ్డి మేలు. పచ్చి మేతలో విటమిన్ ఇ, విటమిన్ ఎ తయారయ్యే కెరోటిన్ రెండూ ఉంటాయి. అదే గడ్డి కోసి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతాయి. మన వైపు వరిగడ్డి, చిట్టు మీదే ఆవుల్ని నెట్టుకొస్తాం. అలా మేపిన ఆవు ఈనేనాటికే ఒంట్లో నిల్వలు అడుగంటి ఉంటాయి. ఇంటి వెనుక నాలుగు సెంట్ల చోటు ఉన్నా సూపర్ నేపియర్ కణుపులు నాటండి, గట్టు మీద అవిశ పెట్టండి. అప్పటిదాకా ఎక్కడైనా లేత పచ్చిగడ్డి కోసుకొచ్చి గౌరి ముందు వేయండి. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి.

సెలీనియం విషయంలో మాత్రం జాగ్రత్త. దానిలో మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ దూరం తక్కువ. బాగా పనిచేసింది కదా అని ఆ సూది మీరే మళ్ళీ కొని వేయించవద్దు. షాపులో ఇచ్చే టానిక్‌లలో కూడా కొన్నిసార్లు సెలీనియం ఉంటుంది, కాబట్టి కొన్న సీసాలన్నీ ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

ఐరన్ సూది గురించి షాపు వాళ్ళు చెప్పారని రాశారు. రక్తం తగ్గింది కాబట్టి ఐరన్ కావాలనుకోవడం సహజమే. కానీ గౌరి రక్తం కారిపోలేదు, ఒంట్లోనే విరిగింది. విరిగిన కణాల్లోని ఇనుము చాలావరకు ఒంట్లోనే ఉంటుంది, శరీరం దాన్ని మళ్ళీ వాడుకుంటుంది. దాని మీద ఇంకా ఐరన్ పోస్తే, ఎక్కువైన ఇనుము ఆ కనరెక్కించే పనికే తోడ్పడుతుంది. ఒక చేత్తో విటమిన్ ఇ వేసి, ఇంకో చేత్తో దానికి ఎదురు పని చేయించినట్టు అవుతుంది. ఐరన్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. ఒళ్ళంతా పిడుదులు పట్టి రక్తం తాగేసినప్పుడు, లేదా థైలీరియాలో పొట్ట లోపల పుళ్ళు పడి పేడ తారులా నల్లగా వస్తున్నప్పుడు రక్తం నిజంగానే బయటికి పోతుంది. గౌరి పేడ రంగు ఎలా ఉందో చూసి డాక్టర్‌కి చెప్పండి. ఐరన్ వేయాలో వద్దో ఆయన తేలుస్తారు. షాపు మాట మీద మాత్రం వద్దు.

రక్తం ఎప్పటికి పడుతుందని మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఆవులో హిమోగ్లోబిన్ ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 8 నుంచి 15 గ్రాముల మధ్య ఉండాలి. ఎముక మజ్జ కొత్త కణాలు తయారు చేయడం మొదలుపెట్టడానికే నాలుగైదు రోజులు పడుతుంది, మునుపటి రంగు రావడానికి వారాలు పడుతుంది. అందుకే ఐదు రోజుల సూదులు అయిపోగానే కళ్ళు ఎర్రబడలేదని దిగులు పడకండి. వారానికి ఒకసారి పగటి వెలుతురులో కంటి కింది రెప్ప లాగి చూడండి. వీలైతే ఇప్పుడొకసారి, రెండు వారాలకి ఇంకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. కదలకుండా పడుకుని ఉన్నప్పుడు కూడా ఆయాసపడుతుంటే, చిగుళ్ళు కాగితంలా తెల్లబడితే విటమిన్ల కోసం ఆగకూడదు. హిమోగ్లోబిన్ నాలుగుకి దిగిన ఆవుకి కావాల్సింది రక్తం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆవు నుంచి మూడు నాలుగు లీటర్లు తీసి ఎక్కిస్తారు, ఇచ్చే ఆవుకి కూడా ముందు ఈ రోగాలు లేవని చూడాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అలాంటి పరిస్థితి వస్తే అక్కడ అడగవచ్చా అని మీ డాక్టర్‌తో మాట్లాడండి.

గౌరిని మేతకి తోలవద్దు. రక్తం లేని ఒంటితో ఎండలో నడిపిస్తే గుండె తట్టుకోదు. నీడలో, గాలి ఆడే చోట కట్టండి, ముందు ఎప్పుడూ నీళ్ళు ఉంచండి. పాలు పెంచాలని ఇప్పుడే దాణా కుమ్మరించకండి, నెమరు బాగా వేస్తోందో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచండి.

మీరు ఒక్క ముక్క కూడా రాయని విషయం పిడుదులు. గౌరి కోలుకున్నా థైలీరియా దాని రక్తంలో కొద్ది మొత్తంలో మిగిలే ఉంటుంది. దాన్ని కుట్టిన పిడుదు మీ రెండో ఆవుకి, పక్కింటి ఆవుకి అంటిస్తుంది. పక్కింటి జ్వరం అలా వచ్చిందేమో ఎవరు చెప్పగలరు? హయలోమా పిడుదు ఎప్పుడూ పశువు మీదే ఉండదు. కిందికి దిగి గోడ పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో, కట్టుగుంజ మొదట్లో దాక్కుని అక్కడే గుడ్లు పెడుతుంది. ఒంటి మీద ఎంత మందు కొట్టినా సాల గోడలు వదిలేస్తే పది రోజులకి మళ్ళీ మొదటికే వస్తుంది. పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, గోడలకి సున్నం వేయండి. పిడుదుల మందు డాక్టర్ చెప్పిన రకం, సీసా మీద రాసిన కొలతలోనే పశువుకీ సాలకీ కొట్టండి. కొట్టేటప్పుడు దాణా, నీళ్ళ తొట్టి దూరంగా పెట్టండి. సంకరజాతి దూడలకి థైలీరియా టీకా ఉంది. వీర్యం లాగే దాన్ని ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి, అందుకే ప్రతి షాపులో దొరకదు. రెండు నెలలు దాటిన పెయ్యదూడలకి వేయించడం గురించి పశుసంవర్ధక శాఖ వాళ్ళని అడగండి.

పాల సంగతి. థైలీరియా పాల ద్వారా మనుషులకి రాదు, ఆ భయం వద్దు. చూడాల్సింది మందు. సూది వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో మందు డబ్బాలోని చీటీలో ఉంటుంది. రెండో సూది వేసిన రోజు నుంచి లెక్కపెట్టండి. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటిది కూడా వేసి ఉంటే దాని గడువు వేరు, ఏది ఎక్కువైతే అదే పాటించాలి. ఆ రోజుల పాలు పిల్లలకీ వద్దు, కేంద్రానికి కూడా పోయవద్దు. గడువు దాటాక కాచి పోయండి.

గౌరి దూడ గురించి మీ ఉత్తరంలో లేదు. 25 రోజుల దూడ కూడా అదే సాలలో, తల్లి పక్కనే ఉండి ఉంటుంది. ఈ సాయంత్రమే దాని చెవుల లోపల, తోక కింద వేలితో తడిమి పిడుదులు ఉన్నాయేమో చూడండి. థర్మామీటర్ పెట్టి జ్వరం చూడండి. కనుగుడ్లు బయటికి ఉబికినట్టు ఉన్నా, పాలు తాగడానికి బద్ధకించినా, పక్కింటి ఆవు కోసం డాక్టర్ వచ్చినప్పుడే దాని రక్తం కూడా పూత తీయించండి.